గొట్టం లేని గూడు

వాగు ఒడ్డున పక్షులకు ఒక మంచి అలవాటు ఉండేది. కోతలప్పుడు తలా కొన్ని గింజలు తెచ్చి బండసందులో దాచేవి. కొత్తగా ఏదైనా చేసి చూడాలనుకునే పక్షి తిండికోసం తిరగకుండా పని చేసుకోవాలని ఆ ఏర్పాటు. గింజలిచ్చే పెత్తనం గోరింకది.

ఆ ఏడు గిజిగాడు వచ్చి, "పెద్దమ్మా, నీళ్లమీద వేలాడేలా గూడు అల్లుతాను. కింద పొడవాటి గొట్టంలోంచే దారి. పాము రాలేదు," అన్నాడు.

"అలాంటి గూడు ఎక్కడైనా ఉందా?"

"లేదు. అందుకేగా అల్లుతానంటున్నది!"

"ముందు అల్లి చూపించు నాయనా. బాగుంటే గింజలిస్తాను."

"అల్లేశాక గింజలెందుకు పెద్దమ్మా?"

గోరింక ఆ మాట వినిపించుకోలేదు. ఏటా వేసే నాలుగు పుల్లల గూడే మళ్లీ వేస్తానన్న పావురానికి గింజలన్నీ ఇచ్చేసింది. ఆ గూడు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు మరి!

గిజిగాడు ఏం చేస్తాడు? పొద్దంతా పొలాల్లో గింజలు ఏరుకుని, పొద్దువాలాక కాసేపు గడ్డిపోచలు అల్లేవాడు.

వానలు పడ్డాయి. పాము తొర్రలో దూరి గోరింక గుడ్లు మింగేసింది. పాపం, గోరింక కొన్నాళ్లు ఏడ్చి, మళ్లీ గుడ్లు పెట్టే వేళకు గిజిగాణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. తుమ్మకొమ్మకు గుండ్రటి గూడు వేలాడుతోంది. అడుగున మాత్రం బోసిగా తెరిచే ఉంది.

"ఎంత బాగా అల్లావు నాయనా! మరి పాము రాకుండా గొట్టమన్నావే, అదేదీ?"

గిజిగాడు ముక్కున ఉన్న గడ్డిపోచను నెమ్మదిగా కొమ్మమీద పెట్టాడు.

"అది అల్లాల్సిన రోజుల్లో నేను గింజలు ఏరుకుంటున్నాను పెద్దమ్మా."