ఆఖర్న లేచినవాడిదే హిస్టరీ

"నేను కొట్టిన కమాండ్లన్నీ మళ్ల పోయినయి సార్!" అని లబోదిబోమంది బాలలక్ష్మి.

పక్క టెర్మినల్ దగ్గర కొండల్ పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాడు. చొప్పదండి మొత్తం వెతికినా అంత అమాయకపు ముఖం ఇంకొకటి దొరకదు.

1997 నాటి మాట. జనార్దన్‌రావు సారు యూనిక్స్ నేర్పడానికి పెట్టిన కంప్యూటర్ క్లాసులో ఇద్దరే విద్యార్థులు. సారు ఒకటి, రెండు అని అంకెలు వేసిన టెర్మినళ్లు రెండు. లాగిన్ మాత్రం ఒకటే. పని ముగించి లేచేటప్పుడు, అప్పటిదాకా కొట్టిన కమాండ్లన్నీ హిస్టరీలోకి ఎక్కుతాయి. చిక్కల్లా ఒక్కటే. ముందు లేచినవాళ్ల హిస్టరీని తుడిచేసి, ఆఖర్న లేచినవాళ్లది ఆ చోట కూర్చుంటుంది.

ఈ సంగతి తెలిసిన నాటి నుంచి కొండల్ ఆఖర్నే లేస్తున్నాడు. బాలలక్ష్మివి నలభై కమాండ్లు పోయి, వాడివి రెండు మిగిలేవి. అందులో ఒకటి ఇవాళ తారీఖెంత అని అడిగేది.

"నువ్వు గూడ ఆఖర్నే లేవరాదు? నేనేమన్న వద్దన్ననా?" అన్నాడు కొండల్.

మర్నాడు ఆమె లేవలేదు. వాడూ లేవలేదు. మధ్యాహ్నం మూడైంది. సారు కడుపులో ఎలుకలు పరుగెత్తడం మొదలైంది.

"సార్, ఇద్దరియి ఉంచుండ్రి సార్. జర దయ సూపుండ్రి," అంది బాలలక్ష్మి.

"దయా గియా జాన్తా నై. యూనిక్స్ ఎట్ల జేస్తదో ఈడ గట్లనే అయితది. దానికో ఉపాయం బుక్కుల ఉంటది, దేవులాడుకో బిడ్డా."

సారు మంచివాడే, రూలు దగ్గరే బండరాయి. కరెంటు పోయినా క్లాసు ఆపేవాడు కాదు. ఆ మాట బాలలక్ష్మి ఇంట్లో గొప్పగా చెప్పుకునేది.

ఆమెకు హిస్టరీ సరదాకి కాదు కావలసింది. శనివారం కరీంనగర్‌లో ఒక మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి పరీక్ష. కొట్టినవన్నీ మళ్లీ చూసుకుంటే తప్ప తప్పులు దిద్దుకోవడం కుదరదు. ఉద్యోగం తప్పిందా, బాపు మగ్గం పక్కన నూలు కండెలు చుడుతూ కూర్చోవాలి. కండెలంటే ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

మూడు రోజులు ఆ లావుపాటి పుస్తకంతో కుస్తీ పట్టింది. నాలుగో రోజు దొరికింది. లాగిన్ కాగానే రెండు టెర్మినళ్లూ చదివే ఫైలులో ఒక్క వరస చేర్చింది. పాతది తుడవొద్దు, కొత్తది దాని కింద కలుపు అని దాని అర్థం.

ఆ పూట కూడా కొండల్ ఆఖర్నే లేచాడు. మీసం దువ్వుకుంటూ చూశాడు. ఆమె నలభై కమాండ్లూ పైన, తనవి రెండూ కింద. మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"శభాష్!" అని సారు చేతులకంటిన సుద్దపొడి దులుపుకున్నాడు.

శనివారం పరీక్షకు ఎనిమిది మంది వచ్చారు. "రెండు టెర్మినళ్లలో పని చెయ్యండి. రెంటి కమాండ్లూ మిగలాలి," అన్నారు పరీక్ష పెట్టిన సరళాదేవి.

బాలలక్ష్మి మొదటి కీ నొక్కింది. టక్కుమన్న చప్పుడుకే ఉలిక్కిపడింది. కన్ను మూసి తెరిచేలోగా జవాబు వచ్చేసరికి ఇంకా కంగారు పడింది. చొప్పదండిలో నిమిషమైనా పట్టేది. ఒక్కో కీ చూసి చూసి మెల్లగా కొట్టింది. అయినా ఆ ఒక్క వరస మాత్రం మరవలేదు. మిగతా ఏడుగురికీ సగం హిస్టరీ గాల్లో కలిసిపోయింది.

"సోమవారం నుంచి డ్యూటీకి రామ్మా," అన్నారు సరళాదేవి. "మెల్లగ కొట్టినవు గని ఒక్క తప్పు లేదు. ఇంతకు నువ్వు నేర్చుకున్నది ఏ కంపెనీ కంప్యూటర్ మీద?"

బాలలక్ష్మి తల వంచుకుంది.

"కంప్యూటర్ ఇంక రాలే మేడమ్, అట్టల మీద గీసిన కీలు నొక్కుకుంట మేము కమాండ్ సదివితే మా సారే బోర్డు మీద జవాబు రాస్తుండె, నేను అసలు కంప్యూటర్ ముట్టుడు గిదే మొదలు."