చెంగమ్మ చేనికి మొలిచిన రోడ్డు

రోడ్లు వేయడం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అవే మొలుస్తున్నాయి, మనుషుల అడుగులు ఎక్కువగా పడే దారి వెంట. ఈ వానలకు పదిమంది కూలీలు తిరిగే రెడ్డెమ్మ చేనికి రోడ్డు మొలిచింది. ఆమె తోడికోడలు చెంగమ్మకు కడుపు రగిలిపోయింది. రెడ్డెమ్మ టమాటాలు తెల్లారేసరికి మార్కెట్లో ఉంటే, తనవి బురదదారిలో, తలమీది గంపలో నలిగిపోతున్నాయి.

రోజూ మూడు పూటలా గట్టు దాటి వెళ్లి, ఆ రోడ్డుకు ఎక్కడైనా బీటలొచ్చాయేమోనని చూసేది. రాలేదని ఉసూరుమంటూ తిరిగొచ్చేది.

మూడు నెలలకు చెంగమ్మ చేనికీ రోడ్డు మొలిచింది. కానీ అది మార్కెట్ వైపు పోలేదు. గట్టు మీదుగా తిన్నగా వెళ్లి రెడ్డెమ్మ రోడ్డులో కలిసింది.

మొదటి గంపతో ఆ దారిన వస్తున్న చెంగమ్మకు రెడ్డెమ్మ ఎదురొచ్చి, తన పళ్లగంప పక్కన దించి, చెంగమ్మ గంపకు చెయ్యి ఆసరా ఇచ్చింది.

"దినామూ నాకోసరం ఇన్నిసార్లు వస్తాంటివా అక్కా? రోడ్డు మొలిచేదాకా నాకు తెలీనే లేదు."

చెంగమ్మ, రెడ్డెమ్మ గంపలోని పళ్లు తనవాటికన్నా ఎర్రగా ఉన్నాయేమోనని ఓరకంట చూసింది.