నాలుగు బారల లోతు

“వరహాలన్న లోతు సూసీసినాడా బావ?”

సాధనకని కయాక్ పడవలో కాలు పెట్టబోతున్న సందీప్‌కు ఆ మాటతో ఒళ్లు మండింది.

విశాఖలో కయాకింగ్ క్లబ్బు పెట్టింది తను. మన్యంలోని ఈ అరవై అడుగుల జలపాతం మీంచి మొట్టమొదట దిగబోయేదీ తనే. అయినా స్నేహితుడు ఉమాశంకర్ నోట ఎప్పుడు చూసినా వరహాలు పేరే.

వరహాలు క్లబ్బులో చేరి రెండు నెలలైంది. ఓడలో కళాసి, సెలవు మీద ఇంటికొచ్చాడు. కయాక్ ఎక్కడ నేర్చుకున్నావని సందీప్ అతన్ని ఏనాడూ అడగలేదు.

తాడు చివర ఇనుపగుండు కట్టి, జలపాతం కింది మడుగులో వేసి, లోతు చూసేవాడు వరహాలు.

“నాలుగు బారలు. పరవాలేదు,” అనేవాడు. అతనలా అంటే గాని క్లబ్బువాళ్లెవరూ నీళ్లలో దిగేవారు కాదు.

మడుగు పక్కన టీ కొట్టు దేముడమ్మ కూడా మొదటి గ్లాసు అతనికే ఇచ్చేది. సందీప్ దానికీ కళ్లలో నిప్పులు పోసుకున్నాడు.

ఒక సోమవారం క్లబ్బులో ఎర్ర కయాక్ అడుగున కొత్త గీతలు కనిపించాయి.

“దీన్నెవరు తీశారు?”

“నానే బాబూ,” అన్నాడు వరహాలు.

“ఎందుకు?”

వరహాలు నవ్వి, గుడ్డతో కయాక్ తుడవసాగాడు.

మొదటివాడన్న పేరు కొట్టేద్దామని చాటుగా సాధన చేస్తున్నాడన్నమాట! సందీప్‌ ఆగలేకపోయాడు.

“ఒడ్డున తాడేసుకునేవాడివి, దూకడమంటే నీకేం తెలుసు? రేపట్నుంచి రాకు.”

అందరూ వింటూనే ఉన్నారు. వరహాలు ముఖం చిన్నబోయింది. గుండు, తాడు ఉమాశంకర్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం విలేకరులొచ్చారు. కెమెరాలు పెట్టారు.

జలపాతం పైన ఉమాశంకర్, సందీప్ చెవిలో చెప్పాడు. “కుడి పక్క నించి దిగు బావ. ఎడంపక్క నీటికింద బండుంది.”

“ఎవరన్నారు?”

“వరహాలన్న.”

సందీప్ పంతానికి ఎడమవైపే కయాక్ ముక్కు తిప్పాడు. అంచు దగ్గర ప్రాణం జిల్లుమంది. గబగబా తెడ్డు వేసి కుడికి మళ్లాడు.

రెండు క్షణాల్లో మడుగులో మునిగి, తేలాడు. ఒడ్డంతా ఈలలు.

“ఎవరి సాయంతో సాధించారు సార్?” అడిగాడో విలేకరి.

“ఎవరి సాయమూ లేదు,” అన్నాడు సందీప్.

విలేకరులు వెళ్లిపోయాక దేముడమ్మ టీ తెచ్చింది.

“వరహాలు రాలేదేటి బాబూ? బుజం నొప్పి తగ్గినాదా?”

“భుజానికేమైంది?”

“అదేటి, నీకైనా సెప్పనేదా? నీకే పక్క మంచిదో సూడాలని పోయిన ఆదివారం రెండుపక్కలా దిగినాడు గదా. ఎడంపక్క బండ తగిలీసింది.”

సందీప్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“ఉమా, వరహాలుకి ఫోన్ చెయ్యి.”

“సేసినాను బావ. కలవట్లేదు. పొద్దున్నే ఓడెక్కీసినాడు. ఈపాటికి రేవు దాటీసుంటాది.”

సందీప్ దేముడమ్మ వైపు తిరిగాడు. “అప్పుడే నాకెందుకు చెప్పలేదమ్మా?”

“‘మొదట దిగింది నానని ఎవులికీ సెప్పకప్పా, ఆ పేరు మా సందీప్ బాబుకే రావాల’ అని నా సేత ఒట్టేయించుకున్నాడు బాబూ.”