సాంబయ్య గారి కంప్యూటర్ తాళం

"మొత్తం తుడిచెయ్యాల్సిందే సేటూ, ఇంకో తొవ్వ లేదు" అన్నాడు గోపాల్, కంప్యూటర్ ముందు నుంచి లేస్తూ.

సాంబయ్య అతనికి అడ్డం వచ్చాడు. వరంగల్ కాశిబుగ్గలో ఆయనది జంపఖానాల వ్యాపారం. ఎనభై తొమ్మిది ఎండాకాలానికి వేయించిన నలభై డిజైన్లూ ఆ డబ్బాలోనే ఉన్నాయి. వాటిని చూడటానికి బొంబాయి బేరగాడు సాయంత్రం ఐదింటికి ఇంటికే వస్తానన్నాడు. ఆ డబ్బా చూస్తే పొద్దుటి నుంచి పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు. దాన్ని అమర్చిన గోపాల్‌ను హన్మకొండ నుంచి ఆటోలో పిలిపించారు.

"తుడుసుడేందయ్యా! నువ్వు జెప్పినట్టే గదా అన్ని జేసిన? కరెంటు ఎక్కువ తక్కువైతదంటే స్టెబిలైజర్ పెట్టిన. దుమ్ము పడద్దంటే చెప్పులు బయట ఇడిపిస్తాన. కిటికీకి ఇనుప జాలి కొట్టిచ్చిన. ఉడుకు తట్టుకోదంటే, ఇంట్ల మనుషులకు లేని ఏసీ దానికి పెట్టిన. ఇంకేం జెయ్యాలె?"

"డిజైన్లకు కాపీ తీసి ఫ్లాపీలిచ్చిన గదా? అవి తేండ్రి, మళ్లీ ఎక్కిద్దాం."

సాంబయ్య ధీమాగా వెళ్లి గోడకు వేలాడుతున్న కొక్కెం తీగను తెచ్చాడు. దుకాణాల్లో చిట్టీలు గుచ్చే తీగ. కరెంటు బిల్లులు, లారీ రసీదులు, వాటి మధ్యలో నాలుగు నల్లటి ఫ్లాపీలు.

"నడుమ తొర్ర ఉన్నది గదా, ఎటూ పోకుంట గుచ్చిన."

గోపాల్ ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తీగ రాపిడికి లోపలంతా గీతలు పడిపోయాయి. నెత్తి పట్టుకున్నాడు.

"ఇంతకూ పాస్‌వర్డ్ ఏం పెట్టిండ్రు?"

సాంబయ్య వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నా పేరే."

"సొంత పేరా! దానికన్న తాళం పెట్టకపోవుడే నయం. ఎవలైన తీస్తరు."

"ఎవలో ఎందుకొస్తరు? నా ఫికరంత మా ఇంటామెతోని. ఆమె నా పేరు చచ్చినా పలుకది. రేషన్ కార్డు రాసే సారు మొగని పేరేందమ్మా అంటే, పక్కింటామెను పిలుసుకొచ్చి చెప్పిచ్చింది. నమ్మవా? సూడు మరి. ఏమేవ్! ఇటు రా."

భార్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"పొద్దున ఇడ్లీలకు ఏం జేసినవ్?"

"పప్పుచారు."

"మునక్కాయలేసి, మసాల పొడేసి చేస్తివి గదా. దాన్నేమంటరు?"

"మునక్కాయల పప్పుచారు."

"హోటల్ల ఏమంటరు?"

"హోటలోళ్లకు నోరు మంచిది కాదు" అందామె చిర్రుగా.

మరి సాంబార్‌లో సగం మొగుడి పేరే ఉందాయె. అందుకే ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా సాంబార్ ఉడికింది కానీ, దాని పేరు మాత్రం వినిపించలేదు. సాంబ్రాణి కూడా 'వాసన పొగ'గానే వెలుగుతోంది.

సాంబయ్య గెలిచినట్టు గోపాల్ వైపు చూశాడు. గోపాల్ మాత్రం కీబోర్డునే చూస్తున్నాడు.

"సేటూ, పాస్‌వర్డ్ మార్చాలంటే ముందుగాల పాతది కొట్టాలె. మార్చినోళ్లెవలో గని, వాళ్లకు మీ పేరు తెలుసు. ఈ మీటలు జర చూడండ్రి."

మీటల మీద పసుపు మరకలు. సాంబయ్య నోరు తెరిచి భార్య చేతులు చూశాడు. అవీ పచ్చగానే ఉన్నాయి.

"నువ్వు ముట్టినవా?"

"ముట్టిన."

"నా పేరు... అన్నవా?"

"రామ రామ! నేనెందుకంట? నోటితోని అనద్దన్నది మా అమ్మ. ఏలుతోని ఒత్తద్దనలేదు."

"అసలు నీకెట్ల తెలిసింది?"

"మీరు ఒక్కో అక్షరం పైకి సదువుకుంట ఒత్తుతరు. వంటింటి దాక ఇనపడ్తది. ఎట్ల మార్సాల్నో ఈ తమ్ముడు మీకు మూడుసార్లు చెప్పిండు. మీకెక్కలేదు గని, చాయ్ ఇయ్యనొచ్చిన నాకెక్కింది."

"మరి మార్సుడెందుకే!"

"ఎందుకా? దుకాణం పని అని రోజు రెండు గంటలు తలుపు పెట్టుకుంటిరి. నేనేమో పొయ్యి ముంగట ఉడుకుతాన. ఏం పనో సూద్దామని తెరిస్తె, పాము! ఇంత ఎండల నన్ను మాడ్చి, మీరు సల్లగ కూసోని పాముకు మేత పెడ్తాండ్రా?"

ఆ పాము ఆటను ఎక్కించిన గోపాల్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

"తప్పయింది" అన్నాడు సాంబయ్య. "బేరగాడు వచ్చే యాళ్లయింది. కొత్తదేందో జెప్పు."

"మన ఇంట్ల మనిషి పేరే. కొట్టుకోండ్రి."

సాంబయ్య తల్లి పేరు కొట్టాడు. ఒప్పుకోలేదు. తండ్రి పేరు, కొడుకు పేరు, బిడ్డ పేరు. ఊహూ. ఆఖరికి వాకిట్లో కుక్కనూ వదల్లేదు. కొట్టినప్పుడల్లా కంప్యూటర్ కీచుమంటోంది. నాలుగున్నరయింది. ఏసీలో కూర్చున్న మనిషికి చెమటలు కారుతున్నాయి.

"ఏమేవ్, నీకు దండం పెడ్త. ఎవల పేరే అది?"

"లగ్గమై పద్దెనిమిదేండ్లాయె. మీ నోట్లెకెళ్లి ఒక్కనాడు సుత రాని పేరు" అని చెప్పి ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాంబయ్యకు అప్పుడు వెలిగింది. "హమ్మయ్య!" అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వేలు మీటల మీదికి తెచ్చాడు. వేలు అక్కడే ఆగిపోయింది. వంటింటి వైపు దొంగచూపు చూసి, గోపాల్ చెవి దగ్గరికి వంగాడు.

"జర ఆ అల్మారిలకెళ్లి రేషన్ కార్డు తియ్యరాదు. అండ్ల ఆమె పేరు రాసుంటది."