లోపలి గంట

శీతల గిడ్డంగి తలుపు మూసుకుంది. పరీక్ష కోసం లోపలికి వెళ్ళిన అన్న, తలుపు తెరిపించే గంట నొక్కాడు. తలుపు కదలలేదు.

తలుపులు నడిపే పాత కంప్యూటర్ చచ్చిపోతే, చెల్లెలు కొత్త కంప్యూటర్‌లో అచ్చం అలాంటి నకిలీ యంత్రాన్ని అల్లి, మట్టిబొమ్మలో ఊపిరి ఊదినట్టు పాత ప్రోగ్రామును అందులో బతికించింది. తానున్నది అద్దె ఒంట్లోనని దానికి తెలియదు.

"మళ్ళీ నొక్కు అన్నయ్యా," అంది ఫోనులో.

"పదిసార్లు నొక్కాను తల్లీ. ఇది మీ వదిన దగ్గర చదువుకుందా ఏం? పిలిస్తే పలకదు."

ఆమె నవ్వి నింపాదిగా వెతికింది. గంట చేరుతూనే ఉంది. కానీ అంతకుముందు మోగిన గంట పని ముగిసిందన్న కబురు అందేదాకా ప్రోగ్రాము చెవులు మూసుకుంటుంది. ఆ కబురేమో ఎప్పుడో ఖాళీ అయిన చిరునామాకు పోతోంది. మెమరీ చిరునామాల పాత పట్టికనే ఆమె వేగం కోసం దాచి వాడుతోంది. వేగాన్ని విగ్రహంగా నిలుపుకున్న చోట మొర వినేదెవరు?

పట్టిక చెరిపింది. తలుపు తెరుచుకుంది. అన్న పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఇంత చలిలో ఎందుకున్నావు? లోపలి గడియ లాగి వచ్చేయొచ్చుగా?"

"నువ్వు రాసింది ఉండగా గడియ ఇంకెందుకని పొద్దునే పీకించేశాను. చెబితే నీ చేతులు వణికేవి కదమ్మా."