ఎవరి జత వారికి

కళ్ళద్దాల జతలు తుడవాలి. ఛార్జింగు నిండిందో లేదో చూడాలి. అద్దాలకీ తెరకీ లయ కుదిరిందో లేదో పెట్టుకుని చూడాలి. వచ్చినవాళ్ళలో రోగి ఎవరో, ఇంటివాళ్ళెవరో ముందే కనుక్కోవాలి. రోగికి ఒక బొడిపె ఉన్న జత, ఇంటివాళ్ళకి రెండు బొడిపెలున్నవి ఇవ్వాలి. ఆ తరవాత నోరు మూసుకోవాలి.

స్కాన్ గదిలో అతని ఉద్యోగం ఇదే. ఆసుపత్రంతా అతన్ని అద్దాలాయన అంటుంది.

ఆ గది తెర మీద ఊపిరితిత్తులు చేత్తో పట్టుకోవచ్చన్నంత ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. నిజానికి తెర మీద ఉండేవి రెండు బొమ్మలు. రెప్ప వాల్చేలోగా ఒకటి పోయి ఇంకొకటి వస్తూనే ఉంటుంది. అద్దాలు ఆ వేగానికి మూసుకుని తెరుచుకుంటాయి. ఏ జతకి ఏ బొమ్మ కేటాయిస్తే అదే కనిపిస్తుంది. పాత స్కానూ కొత్త స్కానూ ఇద్దరు డాక్టర్లు ఒకేసారి చూసుకోవడానికి కొన్నారు దాన్ని.

కానీ "మా నాన్నకి తెలియకూడదమ్మా, తట్టుకోలేడు" అని ఎవరో వచ్చి డాక్టరమ్మ కాళ్ళావేళ్ళా పడ్డ రోజు నుంచీ దానికి ఇంకో పని పడింది. ఇంటివాళ్ళకి అసలు బొమ్మ. రోగికి ఎవరివో మచ్చలేని ఊపిరితిత్తులు. పక్కపక్కనే కూర్చుని ఒకే తెరకేసి చూస్తారు. ఒకరు నవ్వుతారు, ఒకరు పెదవి కొరుక్కుంటారు.

చీకట్లో జతలు తారుమారవకుండా బొడిపెలు అంటించింది అతనే.

ఈమధ్య ఉద్యోగులకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ ఆసుపత్రే ఉచితంగా స్కాన్లు తీసింది. వారం పోయాక డాక్టరమ్మ పిలిచి, "రేపు మీ ఆవిణ్ణి తీసుకురా" అంది. అంతే. మొహంలోకి చూడలేదు.

భార్య నాలుగైదు రోజులుగా సరిగ్గా తినడం లేదు. స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడుస్తోంది. తనొక్కతే ఆసుపత్రికి వెళ్ళొచ్చిందని పక్కింటావిడ చెప్పింది.

అడిగితే కసిరింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ముందు మీరా దగ్గు సంగతి చూసుకోండి."

"అద్దాలు తుడిచే మందు ఘాటుకి వచ్చే దగ్గే ఇది. మాట దాటెయ్యకు."

ఆమె మాట దాటేసింది.

అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "మేడం, తనకి తెలియకూడదు. అంత పిరికిది లోకంలో ఉండదు. ఒక బొడిపెది తనకివ్వండి."

డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టేసింది.

"రేపు నువ్వు పనివాడివి కాదు, ఇంటివాడివి. అద్దాలు నేనే పెడతాను. నువ్వు ఊరికే కూర్చో."

మర్నాడు దీపాలార్పాక, డాక్టరమ్మ అన్నట్టే తన చేత్తో ఇద్దరికీ అద్దాలు పెట్టింది.

"వీటిల్లో అచ్చం ఈగలా ఉన్నారు" అంది భార్య.

"నువ్వేమన్నా సీతాకోకచిలుకవా?"

ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో తెగిపోయింది.

తెర వెలిగింది. ఊపిరితిత్తులు ముందుకు తేలి వచ్చాయి. ఇన్నేళ్ళలో ఎక్కడ వెతకాలో అతనికి తెలిసిపోయింది. పై మూల వెతికాడు. అడుగున వెతికాడు. గుండె చాటున వెతికాడు. ఉతికి ఆరేసిన తెల్లగుడ్డలా ఉన్నాయి.

ఓ భయం తన్నుకొచ్చింది. ఇవి రోగులకి చూపించేవి కావు కదా? కావు. వాటిలో ప్రతి గీతా అతనికి కంఠతా వచ్చు. ఇవి వేరే. ఇవి ఆమెవే. నిజంగా ఆమెవే.

"ఏమీ లేదే!" అరిచినంత పని చేశాడు. దగ్గు ముంచుకొచ్చింది. దగ్గుతూనే భార్య చెయ్యి పట్టుకున్నాడు. మంచుముద్దలా ఉంది.

"ఏమీ లేదండీ" అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండా. "చక్కగా ఉన్నాయి."

"మరి ఆ ఏడుపెందుకే పిచ్చిదానా!"

దీపాలు వెలిగాయి. డాక్టరమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. అతను మాత్రం పట్టరాని సంతోషంలో, అలవాటు కొద్దీ, జతలు తియ్యడానికి లేచాడు.

మీకెప్పుడైనా అలాంటి గదిలో ఎవరైనా ప్రేమగా తమ చేత్తో అద్దాలు పెడితే, ఆ అద్దాలాయన్ని ఒక్కసారి తలుచుకోండి: భార్య మొహం మీంచి అతను తీసిన జత మీద వేళ్ళకి రెండు బొడిపెలు తగిలాయి.