గ్లవ్స్ నేరం

నా మీద మోపిన అభియోగం ఒక్కటే: మా గైడుగారు ఆరేళ్లుగా బంగారు పలకలపై పెంచి పోషించిన పొరను నేను ఒక్క ఉదయంలో మాయం చేశానట. రుజువైతే నా పరిశోధన సీటు పోతుంది.

విచారణ సంఘం పెద్దలారా, ఆ పొర కంటికి ఆనదు. అందుకే స్పెక్ట్రోమీటరులో ఒక వాలు అమరిక బిగిస్తాం. దానిలో పరారుణ కాంతి పలకను దాదాపు ఒరుసుకుంటూ సాగుతుంది. ఒక్క అణువు మందమున్న పొర కూడా గ్రాఫులో శిఖరమై లేస్తుంది. గైడుగారి శిఖరాలు అలాగే లేచాయి, వాటి వెంట ఆయన కీర్తి కూడా. నా చేతిలో మాత్రం గీత చదునుగా పడుకుంది.

"ఏం చేశావమ్మా దాన్ని?" అన్నారాయన.

"ఏమీ చెయ్యలేదు సార్. గ్లవ్స్ వేసుకున్నాను, అంతే."

"గ్లవ్సా? ఇదేమన్నా ఆపరేషన్ థియేటరా తల్లీ? పలక సంగతి చేతికి తెలియాలి. ఏదీ, ఇలా తే."

అందించాను. ఆయన ఒట్టి బొటనవేలితో ఆప్యాయంగా నొక్కి యంత్రంలో బిగించారు. శిఖరాలు బారులు తీరాయి.

"చూశావా? దీన్నే అనుభవం అంటారు."

కాదనను. కాకపోతే నేను ఆయనకు అందించినది అసలు పూతే పూయని ఖాళీ పలక.

ఇదిగో, అలాంటివే మరో ఐదు తెచ్చాను. తలా ఒకటి తీసుకుని, జిడ్డు అంటేలా ఒట్టి వేలితో నొక్కండి. ఆయన ఆరేళ్ల పరిశోధన మీకు అర నిమిషంలో పూర్తవుతుంది. నా సీటు సంగతి ఆ తరువాత తేల్చండి.